తలుపు మీది కాగితం

2022 సెప్టెంబరు నుంచి 2024 జూలై దాకా నేను జర్మనీలో, స్టుట్‌గార్టు నగరంలో ఉన్నాను. ఉద్యోగం మీద వెళ్ళలేదు, పరిశోధనకు వెళ్ళలేదు, భార్యగా వెళ్ళాను. మావారు మోటారు కార్ల విడిభాగాలకు నమూనాలు గీసే ఇంజనీరు. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే నేను జీతం లేని సెలవు పెట్టి, ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని ఆయన వెంట వెళ్ళాను. ఈ సంగతి ముందుగానే చెప్పటానికి కారణమున్నది. విదేశాలు చూసివచ్చినవాళ్ళు రాసే వ్యాసాల్లో, రచయిత ఎవరి ఖర్చు మీద, ఏ హోదాలో అక్కడ ఉన్నాడనేది సాధారణంగా కనిపించదు. అది కనిపించకపోతే తక్కినవేవీ సరిగా కనిపించవని నా అనుమానం.

నేను రాయబోయేది ఆ దేశపు కార్ల గురించీ కోటల గురించీ కాదు. అక్కడ ప్రతి పేటలోనూ పిల్లల ఆటస్థలం ఒకటి ఉంటుంది. దాంట్లో ఇసుకగుంట, ఇసుకగుంట పక్కన బెంచీలు. పగలు పదింటికి ఆ బెంచీల మీద కూచుని ఉండే తల్లుల గురించి రాయబోతున్నాను. అందులోనూ తమలో తాము ఇంగ్లీషు మాట్లాడుకునే తల్లుల గురించి. ఇంచుమించు రెండేళ్ళు నేనూ వాళ్ళలో ఒకతెను.

మొదటి నాలుగు నెలలూ నేను నోరు విప్పి మాట్లాడింది మావారితోనూ పిల్లతోనూ మాత్రమే. ఆయన ఉదయం ఏడున్నరకు వెళితే సాయంత్రం ఆరు దాటాక వచ్చేవారు. ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. ఆ ప్రాంతంలో ఊడ్పు వారమని ఒక ఆచారమున్నది. వారానికొక ఇంటివారు చొప్పున మెట్లూ నడవా కడగాలి. ఎవరి వంతు వస్తే వారి తలుపుకు ఒక చెక్క పలక వచ్చి వేలాడుతుంది. నాలుగు నెలల్లో మా ఇంటికి పనిగట్టుకుని వచ్చింది ఆ పలక ఒక్కటే. ఆదివారం దుకాణాలుండవు, చప్పుడు చెయ్యకూడదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అల్లం దంచుతుంటే కింది ఇంటి ముసలమ్మ పైకి వచ్చి, ఎంతో మర్యాదగా, తన చేతి గడియారం నాకు చూపించి వెళ్ళింది. పిల్లల బళ్ళలోనూ ఆటస్థలాల్లోనూ పిల్లలు చేసే గోలను హానికరమైన చప్పుడు కింద లెక్కించరాదని ఆ దేశంలో 2011లో చట్టాన్నే సవరించవలసి వచ్చింది. అంటే అంతకు ముందు లెక్కించమని కోర్టుకెక్కినవాళ్ళు ఉన్నారన్నమాట!

మా అమ్మ ఫోనులో అడిగేది:

"నలుగురితో కలుస్తున్నావుటే?"

"కలుస్తున్నానమ్మా."

"ఏ నలుగురే?"

దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ నలుగురు నాకు దొరికిన పద్ధతి చెప్పుకోదగ్గది. ఒకరోజు ట్రాములో మా పిల్ల చెప్పు విసిరేసింది. నేను దాన్ని కోప్పడ్డాను, ఇంగ్లీషులో కోప్పడ్డాను. ఇంట్లో నేను పిల్లతో ఎప్పుడూ ఇంగ్లీషు మాట్లాడలేదు, మాట్లాడేవాళ్ళను చూసి నవ్వుకున్నదాన్ని కూడా. మరి ట్రాములో ఎందుకట్లా చేశాను? తెలుగులో కసిరితే ఎవరో కూలికి వచ్చిన పరాయి దేశస్థురాలు అరుస్తున్నదనుకుంటారేమో, ఇంగ్లీషులో ఐతే చదువుకున్న తల్లి బుద్ధి చెబుతున్నదనుకుంటారు. ఈ లెక్కంతా ఒక్క క్షణంలో, నాకు తెలియకుండానే జరిగిపోయింది. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చదివి, మాతృభాషలో బోధన జరగాలని ఉపన్యాసాలిచ్చే మనిషిలో ఈ లెక్క ఇంత సిద్ధంగా కూచుని ఉన్నదని నాకు అంతవరకూ తెలియదు. ఆ ఇంగ్లీషు విని, ఎదురు సీటులోని ఐర్లండు ఆమె నవ్వి, బుధవారం పదింటికి రమ్మని ఒక చిరునామా రాసి ఇచ్చింది.

అది పేటలో తల్లులకోసం నడిపే ఒక కేంద్రం. రెండంతస్తుల పాత మేడ. పై అంతస్తు గదిలో చాప, చెక్క బొమ్మలు, కాఫీ కాచే యంత్రం. కాఫీకి ఒక యూరో డబ్బాలో వెయ్యాలి. ఎవరో ఒకరు ఇంట్లో కాల్చిన కేకు తెచ్చేవాళ్ళు. పిల్లలు ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటుండగా తల్లులు గోడకానుకుని మాట్లాడుకునేవాళ్ళు. నాకు వాళ్ళ పేర్లు చాలాకాలం తెలియలేదు, నా పేరు వాళ్ళకూ తెలియలేదు. మా ఊళ్ళో లాగే, ఫలానా పిల్లవాడి తల్లి, ఫలానా పిల్ల తల్లి, అంతే. ఐర్లండు ఆమె కాక ఇంగ్లండు నుంచి వచ్చిన లెక్కల టీచరొకామె, లాగోసు నుంచి వచ్చిన నర్సు ఒకామె, మనీలా ఆమె, పుణే నుంచి వచ్చిన ఇంజనీరు ఒకామె, అమెరికా సైనికుల భార్యలు ఇద్దరు ముగ్గురు. స్టుట్‌గార్టు శివార్లలో అమెరికా సైన్యపు యూరపు కార్యస్థానం 1967 నుంచీ ఉన్నది. ఆవరణ లోపలే వాళ్ళ బళ్ళు, వాళ్ళ దుకాణాలు. ఆ అమెరికా తల్లులు కంచె దాటి జర్మనీని చూద్దామని మా గదికి వచ్చేవాళ్ళు. మా గదిలో జర్మను మనిషి ఒక్కరూ ఉండేవారు కాదు.

మాటలు ఏమిటంటే, మొదట్లో నాకు విసుగనిపించిన మాటలే. ప్రసవమయ్యాక మంత్రసాని ఇంటికే వచ్చి బాలింతనూ బిడ్డనూ చూసి వెళుతుందనీ, ఆ ఖర్చు ఆరోగ్య భీమావారిదేననీ, పిల్లల డాక్టరు పసుపు అట్ట పుస్తకంలో పరీక్షలన్నీ వరసగా రాస్తాడనీ. వానలో ఆడటానికి పిల్లలకు తొడిగే రబ్బరు బురదలాగులు ఏ కొట్లో చవకో, నవంబరు 11న మార్టిన్ పండగకు కాగితం లాంతర్లు ఎట్లా అంటించాలో. కాని నాలుగు వారాలు గడిచేసరికి నేను బుధవారం కోసం సోమవారం నుంచీ ఎదురుచూడటం మొదలుపెట్టాను. రాత్రి పిల్లకు జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చెయ్యాలో నాకు చెప్పింది ప్రభుత్వం కాదు, ఆ గోడకానుకుని కూచున్న ఆడవాళ్ళు. నర్సు ఆమె మా ఇంటికి వచ్చి, పిల్ల చెవి చూసి, తెల్లవారేదాకా నాతో కూచున్న రాత్రి ఒకటున్నది. ఆడవాళ్ళ కబుర్లని మన విమర్శకులు తేలిగ్గా తీసిపారేసే వస్తువు ఎంత బరువైనదో నాకు ఆ రాత్రి తెలిసింది. అంచేత తరవాత నేను చెప్పబోయే మాటలు ఆ గదిని తక్కువ చెయ్యటానికి కాదు. ఆ గది లేకపోతే నేనేమయ్యేదాన్నో నాకు తెలుసు.

ఐతే ఆ గదిలో ఒక సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. మాలో ఇంచుమించు అందరమూ ఒకప్పుడు జీతం తెచ్చుకున్నవాళ్ళమే. ఆ గోడ వెంట ఒక బడి, ఒక ఆస్పత్రి, ఒక ఇంజనీరింగు ఆఫీసు నడపటానికి సరిపడా చదువు కూచుని కాఫీ తాగుతున్నది. ప్రతి ఒక్కరూ ఇది తన సొంత సమస్య అనుకున్నారు: నా జర్మను బాగాలేదు, మా పిల్ల ఇంకా అలవాటు పడలేదు, ఆయన ఉద్యోగం ఇంకో ఏడాదే కదా. నేనూ అట్లాగే అనుకున్నాను. తరవాత కొంచెం చదివితే తెలిసింది, మా సొంత సమస్యలన్నిటికీ తేదీలున్నాయని.

పశ్చిమ జర్మనీలో 1977 జూలై దాకా, వివాహిత స్త్రీ ఉద్యోగం చెయ్యాలంటే అది సంసార ధర్మాలకు భంగం కలిగించనిదై ఉండాలని పౌరస్మృతిలోనే రాసి ఉండేది. భార్యాభర్తల ఆదాయాలు కలిపి, సగం చేసి పన్ను కట్టే పద్ధతి 1958 నుంచి నేటికీ నడుస్తున్నది. ఇద్దరి సంపాదనల మధ్య తేడా ఎంత ఎక్కువైతే కుటుంబానికి అంత లాభం. తక్కువ తెచ్చేవారిని, అంటే సాధారణంగా భార్యను, ఐదో పన్ను తరగతిలో వేస్తారు, నెల చివర ఆమె చేతికి వచ్చేది చూసి "దీనికోసమా ఇంత పరుగు?" అని ఆమే అనుకుంటుంది. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశుకేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టులో వచ్చింది. హక్కు వచ్చింది గాని చూసే టీచర్లు చాలినంతమంది లేరు. మా పిల్లకు చోటు దొరికేసరికి పదమూడు నెలలు పట్టింది. దొరికాక కూడా, పిల్ల అలవాటు పడేదాకా తల్లి అక్కడే ఒక మూల కూచోవాలి. మొదటి రోజు గంట, ఆ తరవాత కొంచెం కొంచెంగా. పిల్లకు ఇది చాలా మంచి పద్ధతి. కాని ఆ మూల కుర్చీలో నేను తండ్రిని చూసింది రెండుసార్లు.

ఉద్యోగానికి వెళ్ళే తల్లిని ఎత్తిపొడవటానికి జర్మను భాషలో ఒక మాట ఉన్నది: రాబెన్‌ముటర్. మాలకాకి తల్లి అని అర్థం. గూట్లో పిల్లలను వదిలేసి పోతుందట. ఇది వినగానే నాకు నవ్వు వచ్చింది. మనకు కాకి పిల్ల కాకికి ముద్దు. అంతేకాక, కోకిల గుడ్డును కూడా పొదిగి పెంచిన పిచ్చి తల్లి మన కాకి. అదే జాతి పక్షికి రెండు దేశాల్లో రెండు శీలాలు అంటగట్టారు. దీంట్లో పక్షి తప్పు ఏమీ లేదు.

విచిత్రమేమంటే, కిండర్‌గార్టెన్ అనే మాటనూ సంస్థనూ లోకానికిచ్చింది ఈ దేశమే. ఫ్రోబెల్ 1840లో బ్లాంకెన్‌బుర్గులో దానికా పేరు పెట్టాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం నాస్తికత్వమూ సోషలిజమూ నేర్పుతున్నాయని ఆ బళ్ళను నిషేధించింది; 1860 దాకా నిషేధం తొలగలేదు. మూడేళ్ళ పిల్లలు చెక్కదిమ్మెలు పేర్చుకోవటంలో రాజద్రోహం కనిపెట్టిన ఆ అధికారులను చూసి మనం నవ్వవచ్చు గాని, తల్లికి తీరిక దొరికితే ఏం జరుగుతుందోనన్న వాళ్ళ భయం పూర్తిగా తెలివితక్కువది కాదు.

మనవాళ్ళు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1968 సెప్టెంబరు 13న ఫ్రాంక్‌ఫర్టులో సోషలిస్టు విద్యార్థి సంఘం మహాసభలో హెల్కె సాండర్ అనే స్త్రీ లేచి, పిల్లల పెంపకమూ ఇంటి చాకిరీ రాజకీయ సమస్యలు కావా అని అడిగింది. వేదిక మీది నాయకులు చర్చ లేకుండానే తరవాతి అంశానికి పోబోయారు. అప్పుడు నిండు గర్భిణి ఐన సీగ్రిడ్ ర్యూగర్ వాళ్ళమీద టొమేటోలు విసిరింది. ఆ కాలంలోనే ఖాళీ పడిన దుకాణాలను అద్దెకు తీసుకుని తల్లిదండ్రులే నడుపుకున్న శిశు కేంద్రాలు మొదలైనాయి. టొమేటోలు పడింది పెట్టుబడిదారుల మీద కాదు, వామపక్ష నాయకుల మీద. తూర్పు జర్మనీలో శిశుకేంద్రాలు విరివిగా ఉండేవని మన మిత్రులు చెబుతారు. నిజమే, ఇప్పటికీ తూర్పు ప్రాంతాల్లో చిన్నపిల్లలకు చోటు దొరకటం సులభం. కాని అక్కడి ప్రభుత్వం ఇంటి పని చేసుకోవటానికి నెలకొక రోజు సెలవు ఇచ్చింది కూడా ప్రధానంగా ఆడవాళ్ళకే!

ఇక మా గదికి వస్తాను. అక్కడ అందరిదీ ఇంగ్లీషే గాని, అది మూడు దారుల్లో ఆ గదిలోకి వచ్చింది: సైన్యం వెంట ఒకటి, పాత సామ్రాజ్యపు బళ్ళ వెంట ఒకటి, కంపెనీల వెంట ఒకటి. వీటికి వరసలున్నవి. నర్సు ఆమె చిన్నప్పటినుంచీ ఇంగ్లీషులో చదువుకున్నది. ఐనా ఆమె మాట్లాడితే "మళ్ళీ చెప్పండి" అనేవాళ్ళు. నన్నైతే "ఇంత మంచి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారు?" అని మెచ్చుకునేవాళ్ళు. లెక్కల టీచరును ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఐతే బ్రిటన్ యూరపు సమాఖ్య నుంచి బయటికి పోయాక వచ్చింది గనక, ఆమె కూడా నాతోపాటు విదేశీయుల కార్యాలయం ముందు బారులో నిలబడవలసి వచ్చింది. "మా తాత ఇది చూస్తే ఏమనేవాడో" అన్నది ఆమె ఒకరోజు, చీటీ నంబరు చూసుకుంటూ. మా తాత చూస్తే ఏమనేవాడో నేను చెప్పలేదు.

బారు ఒకటే ఐనా చట్టం ఒకటి కాదు. 2007 నుంచీ, భర్త దగ్గరికి జర్మనీ వచ్చే భార్య సాధారణంగా తన దేశంలోనే జర్మను భాష మొదటి మెట్టు పరీక్ష పాసై రావాలి. ఆనతోలియా పల్లెలో పెరిగి, అక్కడి కార్మికుణ్ణి పెళ్ళాడిన పిల్లకు ఈ నియమం. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా పౌరురాలికి అక్కరలేదు. 2012లో వచ్చిన నీలికార్డు మీద పనిచేసే ఇంజనీరు భార్యకూ అక్కరలేదు. నాకు అక్కరలేకపోయింది అందుకే. ఒక్క జర్మను ముక్క రాకుండా నేను విమానం దిగితే అది నా హక్కు. ఆ పల్లెటూరి పిల్ల రెండు ముక్కలు తడబడితే అది ఆమె వెనకబాటుతనం. భాష రాని తల్లుల గురించి అక్కడి పత్రికల్లో ఆందోళన పడుతూ రాసేటప్పుడు నాబోటి వాళ్ళను లెక్కలో వేసుకోరు. నేను భాష రాని తల్లిని కాను, ఇంగ్లీషు వచ్చిన తల్లిని.

మా గది కింది అంతస్తులో, అవే బుధవారాలు, అదే వేళకు, కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రభుత్వం నడిపించే భాషాశిక్షణ జరిగేది: ఆరువందల గంటలు భాష, నూరు గంటలు దేశపు చరిత్రా చట్టమూ. సిరియా, ఆఫ్గనిస్తాన్, ఎరిత్రియా, టర్కీ ఆడవాళ్ళు. మెట్ల మీద ఎదురైతే తల ఊపుకునేవాళ్ళం. 2023 ఫిబ్రవరిలో ఒక బుధవారం వాళ్ళ పిల్లలను చూసే మనిషి రాలేదు. సిరియా ఆమె ఒకతె తన మూడేళ్ళ కొడుకును తీసుకుని పైకి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చునా అన్నట్టు చూసింది. రమ్మన్నాం. పిల్లలు రెండు నిమిషాల్లో కలిసిపోయారు. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు జర్మను రాదు. అందరూ ఆమె వైపు చూసి నవ్వారు, మళ్ళీ నవ్వారు. ఆ తరవాత ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఆ రోజు అందరూ పెందలాడే లేచారు.

మరుసటి వారం ఆమె ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పై వారం మాలో చర్చ వచ్చింది. ఎవరూ చెడ్డ మాట అనలేదు. "వాళ్ళకు కింద తరగతి ఉన్నది కదా", "మనకు వారానికి ఈ రెండు గంటలే కదా", "భాష కలవకపోతే వాళ్ళకే ఇబ్బంది కదా". ఈ "కదా"ల మీద నేను పెద్ద వ్యాసం రాయగలను. పరాయివాళ్ళను బయట ఉంచటానికి మన అగ్రహారాల్లో కూడా ఇవే మెత్తటి మాటలు వాడతారు. నర్సు ఆమె ఏమీ అనలేదు, కిటికీ వైపు చూస్తూ కూచున్నది. తలుపు మీద ఒక కాగితం అంటిస్తే సరిపోతుందన్నారు: ఇది ఇంగ్లీషు మాట్లాడే తల్లుల కూటమి, బుధవారం పదింటికి. "మీరు కాలేజి లెక్చరరు, మీరు రాయండి" అని నాకు స్కెచ్చిపెన్ను ఇచ్చారు.

నేను రాశాను. నాలుగు గీతల కాపీ పుస్తకంలో మా బడిలో నేర్పిన గుండ్రటి కలిపిరాతతో, అందంగా, మర్యాదగా రాశాను. చివర "దయచేసి" అనే మాట కూడా చేర్చాను. నిజం చెప్పాలంటే, నా చేతికి పెన్ను ఇచ్చినప్పుడు నాకు గర్వమనిపించింది. ఆర్నెల్లుగా నన్ను లెక్చరరు అని పిలిచినవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె మళ్ళీ పైకి రాలేదు. దాన్ని గురించి ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మే నెలలో నేను కింది అంతస్తులో తరగతికి పోవటం మొదలుపెట్టాను. పశ్చాత్తాపంతో అని రాసుకుంటే బాగుంటుంది గాని అది నిజం కాదు. శిశుకేంద్రంలో చోటు కోసం వచ్చే ఉత్తరాలు చదువుకోలేక, ప్రతిదానికీ సాయంత్రం దాకా మావారి కోసం కాచుకోలేక వెళ్ళాను. వెళ్ళాక నాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. ఇంగ్లీషు నుంచి జర్మనుకు పోయేవాళ్ళు తంటాలు పడేచోట తెలుగు నుంచి పోయేదానికి సులువు. వాక్యంలో వాక్యం ఇమిడితే ఆ లోపలి వాక్యపు క్రియ చివరికి పోయి కూచుంటుంది, అచ్చం మన క్రియలాగే. అంతకన్న ముఖ్యం, జర్మనులో నువ్వు వేరు, మీరు వేరు. డూ అంటే నువ్వు. జీ అంటే మీరు. పైగా ఆ జీ అనేది రాతలో పెద్దక్షరం తప్పిస్తే "వాళ్ళు" అనే మాటే. గౌరవించదలచిన మనిషిని బహువచనం చెయ్యటం మనకు ఒకరు నేర్పాలా? ఇంగ్లీషు తల్లుల మధ్య నెలల తరబడి ఉన్నా, ఎవరు నాకు నువ్వో ఎవరు మీరో నాకు తేలలేదు. ఇక్కడ మొదటి రోజే తేలింది. తరగతిలో ఆడవాళ్ళందరూ ఒకరికొకరు డూ. నన్నూ డూ అన్నారు.

చదువులో మాత్రం నేను వెనకే. పదిమందిలో నేనొక్కతెనే ఎం.ఏ.; వ్యాకరణం అందరికన్న ముందు అర్థమయ్యేది, నోరు అందరికన్న ఆలస్యంగా లేచేది. తప్పు మాట్లాడితే పరువు పోతుందని భయం. సిరియా ఆమె ఆ తరగతిలోనే ఉన్నది. ఎనిమిదో క్లాసుతో బడి మానిపించారట. సాయంత్రాలు ఆఫీసు గదులు తుడిచే పనికి పోయేది. అక్కడ తోటివాళ్ళతో తప్పో ఒప్పో మాట్లాడవలసిందే గనక ఆమెకు మాట వచ్చింది. పుల్లింగమో స్త్రీలింగమో నేను తడుముకుంటుంటే పక్కనుంచి మెల్లిగా అందించేది. నా పిల్లకూ తన పిల్లవాడికీ ఒకే డబ్బాలో ఆపిల్ ముక్కలు కోసి తెచ్చేది. నేను వంకాయ కూర పట్టుకెళితే, వాళ్ళ ఊళ్ళో వంకాయను ఎన్ని రకాలు చేస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టింది. నాలుగు వారాలు ఇట్లా గడిచాయి. ఆమె నన్ను గుర్తుపట్టలేదని, ఆ రోజు గదిలో ఉన్న నలుగురిలో నేనొకతెనన్న సంగతి మర్చిపోయిందని అనుకుని తేలికపడ్డాను.

జూన్‌లో ఒకరోజు టీచరు ఒక్కొక్కరినీ పిలిచి బోర్డు మీద రాయమన్నది. నేను వెళ్ళి రెండు వాక్యాలు రాసి వచ్చి కూచున్నాను. సిరియా ఆమె బోర్డు వైపు కొంతసేపు చూసింది. తరవాత ఫోను తీసి, ఒక ఫోటో వెతికి, నా ముందు పెట్టింది. తలుపు మీది కాగితం! ఆ రోజుల్లోనే ఫోటో తీసి, ఫోనులో అరబ్బీలోకి తర్జుమా చేయించుకుని చదువుకున్నదట. నా గుండ్రటి కలిపిరాత ఆ వీధిలో ఇంకెవరికీ లేదు.

"నువ్వా?" అన్నది.

అవునన్నాను. ఇంకా ఏదో చెప్పబోయాను. నాకున్న జర్మనులో ఆ వాక్యం లేదు. ఇంగ్లీషులో ఉన్నది, తెలుగులో ఉన్నది. వాటితో పని లేదు.

ఆమె కోపపడలేదు. ఫోను మూసి సంచిలో పెట్టుకున్నది. ఆపిల్ ముక్కలు మానలేదు, లింగాల తప్పులు దిద్దటం మానలేదు. ఐతే ఆ రోజునుంచి నన్ను "మీరు" అన్నది. తక్కినవాళ్ళందరూ ఆమెకు డూ, నేనొక్కతెనే జీ. టీచరు ఒకసారి నవ్వి, "ఇక్కడ అందరూ నువ్వే కదా" అని సరిదిద్దబోతే, ఆమె ఎంతో శాంతంగా "ఈవిడ లెక్చరరు" అన్నది. ఇంగ్లీషు తల్లులకు ఈ సంగతి చెబితే అర్థం కాలేదు. గౌరవం ఇచ్చింది కదా అన్నారు. మన పాఠకులకు నేను విడమరచి చెప్పనవసరం లేదు. మీరు అనే మాట వీధి గుమ్మంలో వేసిన కుర్చీ లాంటిదని మనందరికీ తెలుసు.

ఆ శరదృతువులో ఒక ఆదివారం పిల్లను తోపుడుబండిలో వేసుకుని సిల్లెన్‌బుఖ్ పేటకు వెళ్ళాను. క్లారా జెట్కిన్ చాలా ఏళ్ళు అక్కడ ఉన్నది. ఆమె పేరుతో ఒక భవనమూ ఉన్నది. 1907లో సోషలిస్టు స్త్రీల మొదటి అంతర్జాతీయ సభ ఆమె పూనికతో ఈ నగరంలోనే జరిగింది. ఆ నెలలోనే ఇక్కడి అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో భికాజీ కామా మన జెండా విప్పింది. ఇవన్నీ నేను పాఠాల్లో చెప్పేవే. చెప్పనిది ఒకటున్నది: అంతకు ముందు పారిస్ ప్రవాసంలో జెట్కిన్ ట్యూషన్లు చెప్పుకుంటూ, అనువాదాలు చేసుకుంటూ ఇద్దరు చిన్నపిల్లలను పెంచింది. పరాయి దేశంలో, పరాయి భాషలో, చేతిలో డబ్బు లేని జర్మను తల్లి. ఆమె ఏ మేడ మెట్ల మీద నిలబడిందో, ఏ తలుపు మీద ఏ కాగితం చదివిందో జీవితచరిత్రల్లో ఉండదు. ఆ భవనం ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను. పిల్ల ఏడుస్తున్నది, చలిగా ఉన్నది.

2024 జూలైలో నా సెలవు అయిపోయింది. మావారి ఒప్పందం ఇంకో రెండేళ్ళు పొడిగించారు. ఉండిపొమ్మని అందరూ అన్నారు, మా అమ్మ కూడా అన్నది. ఉద్యోగం వదులుకుంటే ఆ గోడకానుకుని ఇంకో రెండేళ్ళు కూచోవచ్చు. నేను పిల్లను తీసుకుని వచ్చేశాను. ఇది సరైన పనేనా అని ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు, నేను ఇప్పటికీ ఏదో ఒకటి చెబుతుంటాను. వచ్చేముందు సిరియా ఆమెకు కాగితం సంగతి చెప్పి క్షమాపణ అడగాలని వాక్యాలు రాసుకుని, మావారితో దిద్దించుకుని, బట్టీ పట్టాను. ఆఖరి రోజున ఆమె తరగతికి రాలేదు, పిల్లవాడికి జ్వరమన్నారు.

మా పిల్ల వచ్చిన కొత్తలో నిద్రలో జర్మను మాట్లాడేది. నాలుగు నెలలకు మానేసింది.

ఐర్లండు ఆమె అప్పుడప్పుడు సందేశం పంపుతుంది. నర్సు ఆమె భాషాపరీక్ష పై మెట్టు పాసై ఆస్పత్రిలో చేరిందట. లెక్కల టీచరు స్వదేశం వెళ్ళిపోయిందట. అమెరికా తల్లులు మారిపోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. ఇప్పుడు ఆ గదిలో నన్ను ఎరిగినవాళ్ళు ఆమె ఒక్కతే. తలుపు మీది కాగితం గురించి నేనే అడిగాను. ఉన్నదట. కూటమి వేళ పదింటినుంచి పదిన్నరకు మార్చారట. ఆ ఒక్క అంకె కొట్టేసి పక్కన దిద్దారట. మిగతాదంతా నా దస్తూరీయే.